బెత్తెడమ్మ పొయ్యి

అమ్మమ్మ ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. నోరు మాత్రం ఆరడుగులకు తక్కువ ఉండదు. వీధిలో అందరూ ఆమెను బెత్తెడమ్మ అంటారు. పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని తాతయ్య చెబుతాడు. లోకంలో దేన్నయినా జానా బెత్తెడూ వేసి కొలుస్తుంది కాబట్టి వచ్చిందని అమ్మమ్మ వాదిస్తుంది. రెండూ నిజమే. కొత్త బల్ల కొన్నా, కిటికీకి పరదా కట్టినా ఆమె చెయ్యి ముందు వెళ్ళి దాని మీద పాకాల్సిందే. చిన్న కూతురు, అంటే పిన్ని, పెళ్ళి చేసుకుంటానని ఒక అబ్బాయిని ఇంటికి తీసుకొస్తే, అతను కూర్చోకముందే "భుజాలు రెండు జానలు. ఫరవాలేదు" అని తేల్చేసింది. ఆ అబ్బాయి ఇప్పటికీ అత్తగారి ముందు ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

ఆమె పని మట్టిపొయ్యిలు పెట్టడం. బంకమట్టిలో ఊక, బూడిద కలిపి, రెండు రోజులు నానబెట్టి, కాళ్ళతో తొక్కి, చేత్తో పెడుతుంది. మామూలుగా ఇళ్ళలో మూడు రాళ్ళు పెట్టి, వాటి మధ్య కట్టెలు దోపి, పైన గిన్నె పెడతారు. మంటలో సగం గాలికి పోతుంది, పొగ మొత్తం వండే మనిషికి పోతుంది. అమ్మమ్మ పొయ్యికి నోరు చిన్నది, లోపల గొంతు నిటారుగా ఉంటుంది. గిన్నె సగం దాకా గోడలోకి దిగి కూర్చుంటుంది. గిన్నెకీ గోడకీ మధ్య చుట్టూ సన్నటి సందు. మంట అడుగున తగిలి ఊరుకోకుండా, ఆ సందులో దూరి గిన్నెను చుట్టేసి పైకి పోతుంది. ఆ విద్య ఆమెకు తన తల్లి నేర్పింది. ఆ తల్లికి ఇరవై దాటి లెక్కపెట్టడం రాదు. అయినా వంద పొయ్యిలు పెడితే వంద పొయ్యిలూ పాడన్న మాట లేకుండా మండేవట.

ఇంకో విచిత్రం ఏమిటంటే, తాతయ్య కట్టెలు అమ్ముతాడు. వీధి మలుపులో ఆయన కట్టెల అడితి. ఆయన కడుపు నిండాలంటే జనం ఎక్కువ కట్టెలు కాల్చాలి. అమ్మమ్మ పేరు నిలబడాలంటే తక్కువ కాల్చాలి. ఒకే కప్పు కింద పిల్లీ ఎలుకా కాపురం.

"ఏమే, నిన్న ఆ మేడ మీదావిడకి పొయ్యి పెట్టావట. ఇవాళ మోపులో సగమే తీసుకుంది," అని తాతయ్య మూలిగేవాడు.

"సగం మోపు మిగిలితే నీ నడుముకి సగం నొప్పి మిగులుతుంది. నాకు దండం పెట్టు," అనేది అమ్మమ్మ.

ఇలా నడుస్తున్న సంసారంలోకి ఒక ఉదయం స్ప్రింగు త్రాసు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. కళ్ళజోడు, భుజాన సంచీ, జేబులో ఇనుప టేపు. ప్రణాళిక ఆఫీసులో ఇంజనీరు. వారం రోజులు వీధిలో ప్రతి ఇంటికీ వచ్చి, వంటకి ముందు కట్టెలు తూచి, వంటయ్యాక మిగిలినవి తూచి, పుస్తకంలో రాసుకుంటుందట. మొదటి రోజే అమ్మమ్మ ఆమెకు టేపుపిల్ల అని పేరు పెట్టేసింది.

"ఏం తల్లీ, కట్టెల మీద పన్ను వేస్తారా?"

"అయ్యో, లేదు పెద్దమ్మా. దేశానికి ప్రణాళిక రాస్తున్నాం. వచ్చే ఇరవై ఏళ్ళలో గాలిమరలు ఎన్ని కావాలి, ఎండతో కరెంటు ఎంత తీయాలి, ఏ నది మీద ఏం కట్టాలి, అదంతా."

"అంత పెద్ద పుస్తకంలో మా చితుకుల మోపులెందుకు?"

"అవి ఎన్నో ఎవరికీ తెలీదు కదా. ఇంతవరకు ఎవరూ తూచలేదు."

అమ్మమ్మకు నవ్వొచ్చింది. ఆకాశానికి నిచ్చెన వేసేవాళ్ళు పొయ్యిలో బూడిద తూచడమేమిటని. కానీ నాలుగో రోజుకి టేపుపిల్ల మొహం మారింది. కట్టెల అడితివాడి ఇల్లు, ఏడుగురు తినే ఇల్లు, పక్కింటి నలుగురికంటే తక్కువ కాలుస్తోంది. త్రాసు చెడిందేమోనని ఆ పిల్ల దాన్ని విప్పి మళ్ళీ బిగించింది. తర్వాత సంచీలోంచి గాలి లాగే చిన్న పంపు తీసింది. దాని మూతికి నాణెమంత తెల్ల కాగితం బిగించి, పక్కింటి మూడు రాళ్ళ పొయ్యి దగ్గర, వండే మనిషి ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో వేలాడదీసింది. గంట తర్వాత తీసి చూపించింది. కాగితం కాటుకలా ఉంది.

"ఇదేంటి, మసిగుడ్డకి రుద్దావా?" అంది పిన్ని.

"కాదు. ఇది ఒక పూట ఊపిరి."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. పక్కింటావిడ తన గుండెల మీద చెయ్యి వేసుకుంది, లోపల కూడా అంటుకుని ఉందేమో తడిమి చూసుకుంటున్నట్టు. అమ్మమ్మ పొయ్యి దగ్గర పెట్టిన కాగితం వానమబ్బు రంగుకు వచ్చి ఆగింది. టేపుపిల్ల రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ తర్వాత టేపు లాగి అమ్మమ్మ పొయ్యిని నిలువునా అడ్డంగా కొలిచి, బొమ్మ గీసుకుంది. గోడ లోపలి వెడల్పు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. గిన్నె పాతిక. చుట్టూ సందు సెంటీమీటరున్నర. అమ్మమ్మ వెనక నిలబడి తన బెత్తెడుతో ప్రతి కొలతనీ సరిచూసి, "ఊఁ, ఫరవాలేదు, నీ టేపు నిజమే చెప్తోంది," అని మార్కులు వేసింది.

నెల తిరగకముందే అమ్మమ్మకు రాజధానిలో ప్రణాళిక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పిన్ని తోడు వెళ్ళింది. అమ్మమ్మ జీవితంలో మొదటిసారి లిఫ్టు ఎక్కి, కళ్ళు మూసుకుని, దిగేదాకా పిన్ని మోచెయ్యి వదల్లేదు. పిన్ని చేతి మీద నాలుగు గోళ్ళ గుర్తులు రెండు రోజులు ఉన్నాయి. అడిగితే, "నిన్ను పడకుండా పట్టుకున్నానే," అంది.

లోపల ఒక పొడుగాటి గది. గోడకి తెల్లటి కాగితం అంటించి దాని మీద రంగు పట్టీలు నిలువుగా వేశారు. దేశం ఏడాదిలో వాడే శక్తి అంతా అందులో ఉందట. నీటి కరెంటు పట్టీ బెత్తెడు. ముడినూనె పట్టీ జాన. గాలి, ఎండ పట్టీలు వేలి గోరంత. చివర ఒక గోధుమరంగు పట్టీ. అది నేల దగ్గర మొదలై, బల్లల ఎత్తు దాటి, అమ్మమ్మ తల దాటి, కాగితం చాలక పైన అతికించిన ఇంకో కాగితంలోకి వెళ్ళి ఆగింది.

"ఇదేంటి బాబూ? పెద్ద ఆనకట్టా?"

ప్రణాళిక రాసే పెద్దసారు సన్నగా, వంగిపోయి ఉంటాడు. ఆయన మెల్లగా చెప్పాడు. "కట్టెలమ్మా. మీరు మోసినవి. మీలాంటి ఆడవాళ్ళంతా కలిసి నెత్తి మీద మోసినవి. ఈ దేశం నడిచేది సగానికి పైగా దాని మీదే. మాకే ఈ సంవత్సరం దాకా తెలీదు."

అమ్మమ్మ ఆ పట్టీ దగ్గరికి వెళ్ళి కింద నుంచి జానలు వేయడం మొదలుపెట్టింది. ఎనిమిది జానలు వేశాక చెయ్యి అందలేదు. మునికాళ్ళ మీద లేచినా అందలేదు. అలాగే చెయ్యి పైకెత్తి నిలబడిపోయింది. తన ఏడో ఏట నుంచి మోసిన మోపులు, తన తల్లి మోసినవి, తోవలో పాము కనబడితే పారేసి మళ్ళీ ఏరుకున్నవి, వానకి తడిసి రెట్టింపు బరువెక్కినవి, ఒక్కటి కూడా పోకుండా అక్కడ గోడ మీద నిలబడి ఉన్నాయి. అవి నదుల కంటే ఎత్తుగా ఉన్నాయి. అమ్మమ్మ నోరు మూతపడటం ఎంత అరుదో ఆ ఆఫీసువాళ్ళకి తెలియదు. పిన్నికి తెలుసు. అందుకే పిన్నికి భయమేసింది.

"అమ్మా, మంచినీళ్ళు తాగుతావా?"

"ఉండవే. చూడనీ."

పెద్దసారు అసలు సంగతి చెప్పాడు. ఈ పట్టీని పదేళ్ళలో సగం చేయాలి. దానికి రెండు దార్లున్నాయి. ఒకటి, బయటి దేశం నుంచి ఓడల్లో ఇనుప పొయ్యిలు తెప్పించి పంచడం. ఆ బేరం దాదాపు ఖాయమైంది.

"పదేళ్ళ కిందట పంచారుగా బాబూ అలాంటివి," అంది అమ్మమ్మ, నోరు తిరిగొచ్చి. "మా గిన్నె వాటిలో దిగదు. కట్టెని వేలంత ముక్కలు నరికితేగాని దూరదు. మా వీధిలో ఒక్కదాంట్లో కోడి పొదిగింది. పదకొండు పిల్లలు. అంతకంటే మంచి పని ఆ పొయ్యిలు ఏదీ చేయలేదు."

పెద్దసారు నవ్వాడు. "అందుకే రెండో దారి. మీ పొయ్యి. కానీ మీరొక్కరూ దేశమంతా తిరిగి పొయ్యిలు పెట్టలేరు. మీరు నేర్పితే వేరేవాళ్ళు చేయగలరని రుజువు కావాలి. పద్దెనిమిది మందికి నేర్పండి. వాళ్ళు చేసిన పద్దెనిమిదిలో పన్నెండు నెగ్గితే మట్టిపొయ్యి ప్రణాళికలోకి వెళ్తుంది. నెగ్గకపోతే ఇనుప పొయ్యిల ఓడ బయల్దేరుతుంది."

తిరుగు బస్సులో అమ్మమ్మ అప్పుడప్పుడు తన అరచెయ్యి తెరిచి, జానకి సాచి, మళ్ళీ మూసుకునేది.

ఊరి చివర ఖాళీ గోదాములో నేర్పడం మొదలైంది. కుట్టుమిషనావిడ, బట్టలు ఉతికే అక్కాచెల్లెళ్ళిద్దరు, స్కూల్లో గంట కొట్టే ఆవిడ, ఇలా పద్దెనిమిది మంది ఆడవాళ్ళు చేరారు. టేపుపిల్ల తను గీసిన బొమ్మని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి గోడకి అంటించింది. వడ్రంగి చేత ఆ కొలతకే, సరిగ్గా ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున, ఒక చెక్క అచ్చు చేయించింది. నున్నగా గీకి, వార్నీషు పూసిన ఆ మొద్దు చుట్టూ మట్టి మెత్తి, మెల్లగా పైకి లాగేస్తే పొయ్యి గోడ తయారు. అందరివీ ఒక్క కొలతకే వస్తాయి.

తన పొయ్యి కాగితం ఎక్కిందని, దానికి వడ్రంగి అచ్చు కూడా చేశాడని అమ్మమ్మకు కాళ్ళు నేల మీద లేవు. ఎవరైనా ఏదైనా అడిగితే గోడ మీది బొమ్మ చూపించి, "అందులో ఉంది చూసుకో," అనేది. బొమ్మలో అక్షరాలు ఆమెకు ఒక్కటీ రావు. అయినా చూపుడువేలు చూడబోతే పంతులమ్మ వేలే.

రెండో రోజు కుట్టుమిషనావిడ అడిగింది. "అత్తా, మా ఇంట్లో పొయ్యి పెట్టినప్పుడు గిన్నెకి గడ్డితాడు చుట్టావు కదా. రెండు వేళ్ళ లావుది. అడుగు నుంచి అంచుదాకా చుట్టి, దాని మీద మట్టి మెత్తి, తర్వాత గిన్నే తాడూ లాగేశావు. ఇక్కడ ఆ తాడు లేదేం?"

"అది గిన్నెకి మట్టి అంటుకోకుండానే. మా అమ్మ కూడా అందుకే చుట్టేది. ఈ చెక్కకి కాస్త నూనె రాస్తే చాలు. తాళ్ళూ గీళ్ళూ పాతకాలం."

ఆ మాట అంటూనే పచ్చి పొయ్యి లోపల చెయ్యి పెట్టింది. చెయ్యి ఇరుకుగా ఉందంది. కాగితం సరిగ్గా ఉందంది. అరవై ఏళ్ళ చేతిని పక్కనపెట్టి, ఆరు వారాల కాగితం మాట విన్నది అమ్మమ్మ. కాగితం అంటే ఆమెకు అప్పటికి అంత గౌరవం కుదిరింది మరి.

పొయ్యిలు నీడలో మూడు వారాలు ఆరాయి. ఆరేదాకా ముట్టించకూడదు, పగుళ్ళిస్తాయి. పరీక్ష రోజున పెద్దసారు వచ్చాడు. పద్దెనిమిది పొయ్యిల్లోకి దించడానికి పద్దెనిమిది గిన్నెలు, ఒక్కో గిన్నెలో అయిదు లీటర్ల నీళ్ళు. పక్కన తూచిన కట్టెలు. ప్రతి పొయ్యి దగ్గరా పంపు, దానికి తెల్ల కాగితం. కాగితం నలుపు చూడటానికి ఒక కార్డు, దాని మీద తెలుపు నుంచి కాటుక దాకా పది మెట్లు. నాలుగో మెట్టు దాటకూడదు. మూడు రాళ్ళ పొయ్యితో పోలిస్తే కట్టెలు సగానికి మించకూడదు.

ముట్టించారు. గిన్నెలు దించారు. రెండు నిమిషాలు గడిచాయి. అంతే, పద్దెనిమిది పొయ్యిలూ ఒకేసారి ముందు నోట్లోంచి పొగ కక్కాయి. గోదాము నిండిపోయింది. పెద్దసారు చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని గోడ తడుముకుంటూ బయటపడ్డాడు. టేపుపిల్ల దగ్గుతూ కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచింది. నీళ్ళు గోరువెచ్చనై ఊరుకున్నాయి. కాగితాలు తొమ్మిదో మెట్టు. రెండు పదో మెట్టు.

"సున్నా," అని రాసింది టేపుపిల్ల.

వాకిట్లో పద్దెనిమిది మంది కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. పొగకో దుఃఖానికో తెలియదు. ఉతికే అక్కాచెల్లెళ్ళలో చిన్నది మెల్లగా, "అత్తా, మాకు చేత కాలేదా?" అంది.

అమ్మమ్మ ఆ పిల్ల చెంప మీది మసి తన కొంగుతో తుడిచింది.

పెద్దసారు మంచివాడు. కారు ఎక్కబోతూ ఆగాడు. "పుస్తకం అచ్చుకి వెళ్ళడానికి ఇంకా అయిదు వారాలుంది. అంతకుమించి నా చేతిలో లేదు," అని వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ మూడు రోజులు మంచం దిగలేదు. వంట తాతయ్య చేశాడు. అది తిన్నవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తరు. మూడో రోజు ఆయన మంచం పక్కన కూర్చుని, "పోనీలేవే. ఓడ వస్తే రానీ. నీ పొయ్యిలు పోతే నా కట్టెలు బాగా అమ్ముడుపోతాయి," అన్నాడు. ఓదార్చడంలో ఆయన తీరే అంత.

"ఏమయ్యా, చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నం అన్నట్టుంది నీ వరస," అని అమ్మమ్మ లేచి కూర్చుంది. కోపం వస్తేగాని ఆమెకు ఒంట్లో బలం రాదు. తాతయ్యకు ఆ సంగతి నలభై ఏళ్ళ నుంచి తెలుసు.

గోదాముకి ఒక్కతే వెళ్ళింది. పొయ్యిలన్నీ పగలగొట్టి, మట్టి మళ్ళీ నానబెట్టి, కనీసం మట్టైనా మిగుల్చుకుందామని సుత్తి తీసుకెళ్ళింది. మధ్యలో చెక్క అచ్చు కాళ్ళకి అడ్డం వచ్చింది. ఎక్కడైనా పెడదామని ఎత్తి, అలవాటుగా దగ్గర్లో ఉన్న పొయ్యిలోకి దించబోయింది.

దిగలేదు.

వంకరగా పెట్టానేమోనని సరిచేసి దించింది. దిగలేదు. అంచు మీద కూర్చుని టకటకమంది. ఇంకో పొయ్యిలో పెట్టింది. అందులోనూ దిగలేదు. పద్దెనిమిదింటిలోనూ పెట్టి చూసింది. ఏ అచ్చు మీద పుట్టాయో ఆ అచ్చునే ఆ పొయ్యిలు లోపలికి రానివ్వడం లేదు. ఎండిన గోడ లోపల జాన వేసింది. అచ్చు మీద జాన వేసింది. మధ్యలో ఒక వేలు, దానికి పైన ఇంకాస్త తేడా.

అమ్మమ్మ సుత్తి కింద పెట్టి నేల మీద చతికిలబడింది. మట్టి ముడుచుకుంటుందని ఆమెకు తెలియక కాదు. పగుళ్ళు ఎందుకొస్తాయో చిన్నపిల్లలకి కూడా చెప్పగలదు. కానీ ముడుచుకున్న మట్టి, గోడని లోపలికి లాక్కుంటుందని ఎప్పుడూ తలుచుకోవాల్సిన అవసరం రాలేదు. ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న దగ్గరే ఆమె దిగ్గున లేచింది. వెంటనే ఇంటికి పరుగు తీసింది. అరవై ఏళ్ళ మనిషి, చెప్పులు గోదాములోనే వదిలేసి.

పిన్ని చేతిలో ఫోను పెట్టి, "కలుపు. టేపుపిల్లకి కలుపు," అంది.

మర్నాడు టేపుపిల్ల మొదటి బస్సుకి దిగింది. అమ్మమ్మ వంటింట్లో పాతిక సెంటీమీటర్ల గిన్నె బోర్లించి, రెండు వేళ్ళ లావు గడ్డితాడు పేని, అడుగు నుంచి అంచుదాకా చుట్టి పెట్టింది.

"కొలువు తల్లీ. తాడు మీద నుంచి కొలువు."

టేపుపిల్ల కొలిచింది. "ముప్పై దాటింది. ముప్పైన్నర."

"నువ్వు మొన్న మా వంటింట్లో కొలిచిన ఇరవై ఎనిమిది ఎక్కడిది?"

"పొయ్యిలోది. ఆరిన..." ఆ పిల్ల ఆగిపోయింది. కళ్ళజోడు వెనక కళ్ళు పెద్దవయ్యాయి. "పెద్దమ్మా, నేను ఆరిన పొయ్యి కొలిచాను. ఆ కొలతకే పచ్చిమట్టి వేయించాను. అది ఆరి ఇరవై ఆరు లోపుకి వచ్చేసి ఉంటుంది. గిన్నె పాతిక. ఇంక సందేదీ, పొగ ఎటు పోతుంది? తప్పు నాది."

"నీది సగం. తాడు పాతకాలం అన్నది ఎవరు? ఆ సగం నాది."

ఇద్దరూ తాడు చుట్టిన గిన్నెను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. టేపుపిల్ల కాగితం మీద లెక్కేసింది. ముప్పైన్నరలో మట్టి ఎంత తగ్గుతుందో తీసేస్తే సరిగ్గా ఇరవై ఎనిమిది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఇరవై ఎనిమిది. "ఒక్క మిల్లీమీటరు తేడా లేదు," అంది, గుసగుసగా. పెద్ద కాలేజీలో అయిదేళ్ళు చదివిన పిల్ల.

"మా అమ్మకి ఇరవై దాటి లెక్క రాదు," అంది అమ్మమ్మ.

ఆ తాడు లావు ఎవరు కనిపెట్టారో ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. అమ్మమ్మ తల్లి కాకపోవచ్చు. ఆమె తల్లో, ఆ తల్లికి తల్లో. ఎన్ని పొయ్యిలు పొగ కక్కితే, ఎంతమంది కళ్ళు మండితే, ఒకరు సన్నది పేని, ఒకరు లావుది పేని, చివరికి రెండు వేళ్ళ దగ్గర ఆగి ఉంటారు! ఆగినవాళ్ళు ఎందుకో చెప్పకుండా, "అంటుకోకుండా చుట్టుకోవే," అని మాత్రం కూతుళ్ళకి చెప్పి వెళ్ళిపోయారు. చెప్పేంత తీరిక వాళ్ళకెక్కడిది? అమ్మమ్మ ఆ తాడుని వేలితో ముట్టుకుంది. వేడి వస్తువుని ముట్టుకున్నట్టు వెంటనే తీసేసింది.

వడ్రంగి కొత్త అచ్చు చేశాడు, ఈసారి ముప్పైన్నరకి. అమ్మమ్మ అచ్చు తీసుకుంది గానీ, పద్దెనిమిది మంది చేతా తాడు కూడా పేనించింది. "అచ్చు విరిగిపోతే వడ్రంగి కోసం ఏడుస్తూ కూర్చుంటారా? తాడు ఎక్కడైనా దొరుకుతుంది," అంది. ఈసారి గోడ మీది బొమ్మ వైపు వేలు చూపించలేదు. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని పచ్చి గోడ లోపల పెట్టించి, "ఏమంటోంది నీ చెయ్యి?" అని అడిగింది.

"వదులుగా ఉందంటోంది అత్తా."

"అనాలి. ఇప్పుడు వదులుగా ఉంటేనే రేపు సరిగ్గా ఉంటుంది."

మూడు వారాలు ఆరబెట్టారు. ఆ మూడు వారాలూ రోజుకోసారి అమ్మమ్మ గోదాముకి వెళ్ళి, పొయ్యిల్ని ముట్టుకోకుండా చూసి వచ్చేది. తాతయ్య అడితిలో ఉన్నవాటిలో బాగా ఎండిన కట్టెలు ఏరి, ఒకే లావున చీల్చి, తన బండి మీద తనే తోలుకెళ్ళి గోదాము దగ్గర దించాడు. "తడికట్టె వల్ల ఓడిపోయామని రేపు నన్ను ఆడిపోసుకుంటుంది," అని అందరితో చెప్పుకున్నాడు.

పరీక్ష రోజున పెద్దసారు ఈసారి తలుపు పక్కనే నిలబడ్డాడు, అనుభవం మీద. పద్దెనిమిది పొయ్యిలు ముట్టించారు. గిన్నెలు దించారు. రెండు నిమిషాలు. అయిదు నిమిషాలు. కుట్టుమిషనావిడ వంగి గిన్నె అంచు చుట్టూ చూసింది. సందులోంచి సన్నటి వేడి గాలి కొంచెం వణుకుతూ పైకి లేస్తోంది. దాని వెనక గోడ నీళ్ళలో నీడలా కదులుతోంది. పొగ మాత్రం లేదు. పద్దెనిమిది మంటలు ఒకే గొంతుతో హుమ్మని సన్నగా మోగుతున్నాయి. గోదాము పెద్ద తేనెపట్టు పెట్టుకున్నట్టుంది.

"పొగేదే?" అంది ఉతికే చిన్నది, ఏదో పోగొట్టుకున్నదానిలా. జన్మలో మొదటిసారి ఆ పిల్ల మంట పక్కన నిలబడి కళ్ళు పూర్తిగా తెరిచింది.

ఒక గిన్నె కళపెళా మరిగింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోయింది. టేపుపిల్ల కార్డు పట్టుకుని ఒక్కో కాగితం దగ్గరా ఆగింది. మూడో మెట్టు. మూడు. నాలుగు. మూడు. రెండు పొయ్యిల దగ్గర తల అడ్డంగా ఊపింది. ఒకదాని గోడ పగిలింది, ఇంకోదాని గొంతు వంకర. మిగిలిన పదహారూ నెగ్గాయి.

పెద్దసారు వెళ్ళి ఒక మంట ముందు గొంతుక్కూర్చున్నాడు, వంట చేసే మనిషిలా. ఆయన ముఖం మీద వెలుగు పడింది. లేచాక, "అమ్మా, పుస్తకంలో మీ కొలత రెండు వరసల్లో రాస్తాం. పచ్చిగా ఉన్నప్పుడు ఎంత, ఆరాక ఎంత," అన్నాడు.

ఓడ సంగతి అంతటితో తీరింది. కానీ ప్రణాళిక సంగతి తీరలేదు. ఎందుకంటే ఆ మాటకి అమ్మమ్మ ఒక ప్రశ్న వేసింది. "ఆ రెండు వరసలూ మా మట్టికి బాబూ. అన్ని చోట్లా మట్టి ఇంతే ముడుచుకుంటుందా?"

పెద్దసారు టేపుపిల్ల వైపు చూశాడు. టేపుపిల్ల పెద్దసారు వైపు చూసింది. ఇద్దరికీ తెలియదు. ఇదీ ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

పది రోజుల తర్వాత అమ్మమ్మ ఇంటి ముందు లారీ ఆగింది. ముప్పై ఒక్క గోనెసంచులు దింపారు. దేశంలో మనుషులు వంట చేసుకునే ప్రతి మూల నుంచీ ఒక సంచి మట్టి. ఎర్రది, నల్లది, పసుపుపచ్చది, బూడిదరంగుది, వేళ్ళ మధ్య నుంచి జారిపోయేది, పట్టుకుంటే వదలనిది. అమ్మమ్మ ఒక్కో మట్టినీ తడిపి, తొక్కి, పలకలా అద్ది, దాని మీద సరిగ్గా జానెడు దూరంలో రెండు గీతలు గీసి, వాకిట్లో పందిరి నీడన వరసగా ఆరబెట్టింది. ప్రతి పలక పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో పిన్ని చీటీ రాసి పెట్టింది.

నాలుగో రోజు పొద్దున తాతయ్య పళ్ళు తోముకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

"ఏమే, నా ఇంట్లో నాకు కాలు పెట్టే చోటు లేదు."

"ఆగు, అది తొక్కకు! అదెక్కడిదో తెలుసా? రైల్లో వెళ్తే రెండు రోజులు పడుతుందట. అక్కడ కొండ మీద ఇళ్ళుంటాయట."

"అయితే?"

"అక్కడ ఒకావిడ ఇప్పుడు పొయ్యి ముట్టిస్తూ ఉంటుంది. ఇదే మట్టి మీద కూర్చుని."

తాతయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. అమ్మమ్మ మోకాళ్ళ మీద వంగి పలక నుంచి పలకకి జాన వేస్తూ పోయింది. ఎర్రది వేలి గోరంత తగ్గింది. ఇసుకది తగ్గనే లేదు. కొండ మీది నల్లది అప్పుడే వేలు దాటిపోయింది. ఆమె దాని మీద చెయ్యి సాచి, బొటనవేలు ఒక గీత మీద, చిటికెనవేలు రెండో గీత దాటి గాల్లో పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఎంతసేపలా? కాఫీ పెట్టవా?" అన్నాడు తాతయ్య.

"ష్," అంది అమ్మమ్మ, తల ఎత్తకుండా. "ఇంకా ముడుచుకుంటోంది."